చదివే ముందు నకలు

2025లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో సామాన్ల గది శుభ్రం చేస్తూండగా ఒక టేపు చుట్ట దొరికింది. అది బెల్ ప్రయోగశాల వారి యూనిక్స్ నాలుగో కూర్పు అని దాని మీది చీటీలో రాసి ఉంది.

కంప్యూటరు చేత పని చేయించే మూల ప్రోగ్రాములలో యూనిక్స్ ఒకటి. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు 1969లో దానిని ప్రారంభించారు. 1973 నాటి నాలుగో కూర్పులో దాని ముఖ్యభాగాన్ని మొట్టమొదటిసారిగా సి అనే భాషలో రాశారు. కాని ఆ కూర్పు తాలూకు కొన్ని భాగాలు తప్ప పూర్తి ప్రతి ఎవరికీ దొరకలేదు.

టేపు మీద అయస్కాంత పూత ఉంటుంది. అక్షరాలన్నీ అందులో అయస్కాంతపు గుర్తులుగా ఉంటాయి. యాభై ఏళ్ళు గడిచాక ఆ పూత రాలిపోవచ్చు. మొదటిసారి తిప్పినప్పుడే అది రాలిపోతే, రెండోసారి తిప్పి ప్రయోజనం ఉండదు.

అందుచేత ఆ టేపును కారులో వెయ్యి కిలోమీటర్లకు పైగా తీసుకుపోయి, కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వారికి అప్పగించారు. టేపు సాగుతూంటే పుట్టే విద్యుత్తు హెచ్చుతగ్గులను వాళ్ళు ముందుగా ఉన్నవి ఉన్నట్టు నకలు తీసుకున్నారు. ఏ హెచ్చుతగ్గుకు ఏమి అర్థమో ఆ తరవాత, ఆ నకలును బట్టి, ప్రోగ్రాము చేత తేల్చారు. ఆ విధంగా 2025 డిసెంబరులో నాలుగో కూర్పు బయటపడింది.

పాత యూనిక్స్ హార్డ్ డిస్కుల విషయంలో కూడా ఇదే సూత్రం. డిస్కులో అయస్కాంత పూత గల పళ్ళేలు గిర్రున తిరుగుతాయి. చదివే హెడ్ వాటికి తగలకుండా, వెంట్రుక మందం కన్న తక్కువ ఎత్తున ఉంటుంది. తగిలిందా, పూత గీసుకుపోతుంది!

దీనికి లైనక్స్ బాగా పనికి వస్తుంది. ఫిన్లండు విద్యార్థి లైనస్ టార్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లైనక్స్ యూనిక్స్ పద్ధతిలోనే నడుస్తుంది. అందులో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము నడిపితే, అది డిస్కులో బాగున్న చోట్లను ముందు నకలు తీసి, చెడిన చోట్లను గుర్తు పెట్టుకుని, చివరకు వాటి దగ్గరికి తిరిగి వస్తుంది.

ఆ పైన పని అంతా నకలు మీదనే, అదీ “చదవటమే తప్ప రాయరాదు” అనే నిబంధనతో చెయ్యాలి. ఎందుకంటే, ఊరికే ఫైలు తెరిచి చూసినా, ఎప్పుడు చూశారో డిస్కు మీద రాసిపెట్టటం యూనిక్స్ అలవాటు!

యూనిక్స్ డిస్కులో ఫైలు పేరు ఒకచోట, ఫైలు మరొకచోట ఉంటాయి. పేరు పక్కన ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య గల పద్దులో ఫైలు ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నదీ రాసి ఉంటుంది. ఈ పద్దుకే ఐనోడ్ అని పేరు. చాలా రకాల పాత యూనిక్స్ డిస్కులలో ఈ పద్దులు ఏ వరసలో ఉంటాయో లైనక్సుకు తెలుసు. పేర్ల జాబితా చెడిపోయినా, పద్దులు మిగిలితే ఫైళ్ళను తిరిగి కూర్చవచ్చు. అప్పుడు దొరికేవి పేరు లేని ఫైళ్ళే అయినా, వాటిలోని విషయం చెక్కుచెదరదు.

మీ ఇంట్లో పాత డిస్కు కనిపిస్తే, “ఇందులో ఏముందో!” అని వెంటనే తిప్పి చూడకండి. పెద్దవాళ్ళకు చెప్పి, ముందు నకలు తీయించండి.