స్కాన్ ముగిసినా ముగియని పని: ఇంటి కంప్యూటర్‌లో స్పైవేర్‌ను గుర్తించడం, తొలగించడం

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని జోల్వా, దాని పొరుగున ఉన్న కడోదరా పరిసరాలు వస్త్ర పరిశ్రమకు నెలవు. ఇటువంటి చోట కొద్దిపాటి మగ్గాలతో జాబ్‌వర్క్ చేసే కుటుంబానికి ఇంట్లోని కంప్యూటరే కార్యాలయం. జీఎస్టీ రిటర్నులు, ఈ-వే బిల్లులు, నెట్ బ్యాంకింగ్, కార్మికుల కూలి చెల్లింపులు, సాయంత్రం పిల్లల పాఠాలు, అన్నీ ఆ ఒక్క యంత్రం మీదే సాగుతాయి. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చి సూరత్‌లో స్థిరపడిన నేత కుటుంబాల పరిస్థితి కూడా దీనికి భిన్నం కాదు. అటువంటి యంత్రంలోకి స్పైవేర్ చొరబడితే నెల కూలి డబ్బుకు, వ్యాపారపు పేరుకు ఒకేసారి ముప్పు వాటిల్లుతుంది.

స్పైవేర్ అంటే యజమానికి తెలియకుండా కంప్యూటర్‌లో ఉండి, సమాచారాన్ని బయటకు చేరవేసే ప్రోగ్రామ్. వైరస్ వచ్చిందంటే ఫైళ్లు పాడవుతాయని, తెర మీద ఏదో హెచ్చరిక కనబడుతుందని చాలామంది భావిస్తారు. స్పైవేర్ స్వభావం ఇందుకు విరుద్ధం. ఎంత నిశ్శబ్దంగా ఉంటే దానికి అంత లాభం. కొన్ని రకాలు కీబోర్డుపై నొక్కిన ప్రతి అక్షరాన్నీ నమోదు చేస్తాయి. వీటిని కీలాగర్లు అంటారు. మరికొన్ని బ్రౌజర్‌లో భద్రపరచిన పాస్‌వర్డులను, కుకీలను కొద్ది నిమిషాలలోనే పోగుచేసి పంపివేస్తాయి. ఇవి ఇన్ఫోస్టీలర్లు. వీటిలో కొన్ని పని పూర్తి కాగానే తమను తామే చెరిపేసుకుంటాయి. కనుక స్కాన్‌లో ఏమీ దొరకకపోయినంత మాత్రాన ఏమీ పోలేదని చెప్పడానికి వీలులేదు.

ఈ ముప్పు ఎంత విస్తృతమో లుమ్మా అనే ఇన్ఫోస్టీలర్ ఉదంతం తెలుపుతుంది. 2025 మార్చి 16 నుండి మే 16 వరకు, కేవలం రెండు నెలల్లో, ప్రపంచవ్యాప్తంగా 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో అది చొరబడినట్లు మైక్రోసాఫ్ట్ గుర్తించింది. న్యాయస్థానం అనుమతితో దాని వెనుక ఉన్న సుమారు 2,300 డొమైన్లను ఆ ఏడాది మే నెలలో స్తంభింపజేశారు.

చొరబాటుకు ప్రధాన ద్వారం చౌకబేరమే. డబ్బు చెల్లించకుండా విండోస్‌ను, ఆఫీస్‌ను, డిజైన్ లేదా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ‘క్రాక్’ చేసే ప్రోగ్రామ్‌లు ఇంటర్నెట్‌లో విరివిగా దొరుకుతాయి. వాటిని నడిపే ముందు యాంటీవైరస్‌ను ఆపివేయమని సూచన ఉంటుంది. తాళం తీసి పెట్టమని దొంగే కోరడం అన్నమాట. విండోస్‌ను అక్రమంగా యాక్టివేట్ చేసే కేఎంఎస్‌పికో పేరిట క్రిప్ట్‌బాట్ అనే ఇన్ఫోస్టీలర్ వ్యాపించినట్లు 2021లో భద్రతా పరిశోధకులు వెల్లడించారు.

రెండవ ద్వారం ఈమెయిల్. కొనుగోలు ఆర్డర్, ఇన్‌వాయిస్, బ్యాంకు చెల్లింపు రసీదు అనే పేర్లతో వచ్చే జిప్ ఫైళ్ల ద్వారా ఏజెంట్ టెస్లా వంటి కీలాగర్లు సంవత్సరాలుగా వ్యాపిస్తున్నాయి. రోజుకు పది బిల్లులు అందుకునే వస్త్ర వ్యాపారికి పదకొండవ బిల్లుపై అనుమానం కలగడం కష్టమే. మూడవది ఇటీవలిది. ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అంటూ ఒక వెబ్‌సైట్ విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కమంటుంది. తరువాత కంట్రోల్, వి నొక్కి, ఎంటర్ నొక్కమంటుంది. ఆ సైట్ రహస్యంగా కాపీ చేసి ఉంచిన ఆదేశాన్ని యజమాని స్వహస్తాలతో నడిపినట్లవుతుంది. నిజమైన క్యాప్చా ఏదీ కీబోర్డుపై ఇటువంటి వరుస కోరదు.

ఇక గుర్తించడం. కంప్యూటర్ నెమ్మదించడాన్ని మొదటి లక్షణంగా చెబుతుంటారు కానీ, అది బలహీనమైన ఆధారం. పాత హార్డ్‌డిస్క్, తక్కువ మెమరీ కూడా యంత్రాన్ని నెమ్మదింపజేస్తాయి. బ్రౌజర్ హోమ్‌పేజీ, సెర్చ్ ఇంజిన్ వాటంతట అవే మారడం, తాము చేర్చని ఎక్స్‌టెన్షన్ కనబడడం, ఎవరూ ప్రయత్నించని లాగిన్‌పై ఓటీపీ రావడం, తెలియని ఊరి నుండి ఖాతా తెరిచినట్లు ఈమెయిల్ అందడం ఇంతకంటే గట్టి సూచనలు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులోని స్టార్టప్ విభాగంలో కంప్యూటర్‌తో పాటే మొదలయ్యే ప్రోగ్రామ్‌ల జాబితా ఉంటుంది. ప్రచురణకర్త పేరు లేని, అర్థంలేని అక్షరాల పేరుతో ఉన్నవాటిని పరిశీలించాలి. చాలామంది చూడని చోటు ఇంకొకటి ఉంది. విండోస్ సెక్యూరిటీలోని వైరస్ రక్షణ సెట్టింగులలో ‘ఎక్స్‌క్లూజన్స్’ అనే జాబితా ఉంటుంది. స్కాన్ నుండి మినహాయించిన ఫోల్డర్లు అక్కడ కనబడతాయి. ఇంట్లో ఎవరూ చేర్చని ఫోల్డర్, ముఖ్యంగా మొత్తం సి డ్రైవే అక్కడ ఉంటే, ఎవరో రక్షకభటుని కళ్లకు గంతలు కట్టినట్లే.

ఎనీడెస్క్ వంటి దూరనియంత్రణ ప్రోగ్రామ్‌లు స్పైవేర్ కావు. మరమ్మతుదారులు వాటిని న్యాయంగానే వాడతారు. అయితే బ్యాంకు ఉద్యోగులమని చెప్పుకునే మోసగాళ్లకూ అవే పనిముట్లు. రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే దీనిపై బ్యాంకులను హెచ్చరించింది. పని ముగిసిన తరువాత అటువంటి ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో ఉంచవలసిన అవసరం లేదు.

అనుమానం బలపడినప్పుడు వెంటనే స్కాన్ మొదలుపెట్టడం సహజం. కానీ మొదట చేయవలసింది ఇంటర్నెట్ సంబంధం తెంచడం. వైఫై ఆపాలి, కేబుల్ ఉంటే తీయాలి, డిజిటల్ సంతకపు టోకెన్, పెన్‌డ్రైవ్ బయటకు తీయాలి. అదే కంప్యూటర్‌పై కూర్చొని పాస్‌వర్డులు మార్చడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. కీలాగర్ ఇంకా పనిచేస్తుంటే కొత్త పాస్‌వర్డ్ కూడా దాని చేతికే చిక్కుతుంది. శుభ్రమైనదని నమ్మకమున్న వేరొక ఫోన్ లేదా కంప్యూటర్ నుండి మొదట ఈమెయిల్, తరువాత బ్యాంకు, ఆపై జీఎస్టీ, ఆదాయపు పన్ను ఖాతాల పాస్‌వర్డులు మార్చాలి. ఈమెయిల్‌ను ముందు ఉంచడానికి కారణం ఉంది. చాలా ఖాతాల పాస్‌వర్డును తిరిగి పొందే లంకె వచ్చేది దానికే.

పాస్‌వర్డ్ మార్పుతో కూడా పని పూర్తికాదు. ఒకసారి లాగిన్ అయిన తరువాత బ్రౌజర్‌లో మిగిలే సెషన్ కుకీ, సినిమా హాలులో చేతిపై వేసే ముద్ర వంటిది. అది చూపిన వారిని మళ్లీ టికెట్ అడగరు. ఆ కుకీ దొంగిలించిన వ్యక్తి పాస్‌వర్డు గాని, ఓటీపీ గాని లేకుండానే ఈమెయిల్ తెరవగలుగుతాడు. అందుచేత ఖాతా భద్రతా సెట్టింగులలో ‘అన్ని పరికరాల నుండి సైన్ అవుట్’ చేయడం తప్పనిసరి. ఈమెయిల్ సెట్టింగులలో తెలియని ఫార్వర్డింగ్ చిరునామా, రికవరీ ఫోన్ నంబరు చేరాయేమో కూడా చూడాలి.

ఆ తరువాత తొలగింపు. విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఆప్షన్లలో ‘ఆఫ్‌లైన్ స్కాన్’ను ఎంచుకుంటే కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా మొదలుకాక ముందే తనిఖీ జరుగుతుంది. సుమారు 15 నిమిషాలు పడుతుంది. నడుస్తున్న విండోస్‌లో దాగగలిగే ప్రోగ్రామ్‌లు ఈ స్థితిలో దాగడం కష్టం. దానితో పాటు పూర్తి స్కాన్ కూడా చేయించాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లోనూ ఇటువంటి తొలగింపు పరికరాలు ఉచితంగా లభిస్తాయి. అంతర్జాల ప్రకటనలో కనబడే ‘మీ కంప్యూటర్‌లో 37 వైరస్‌లు ఉన్నాయి’ తరహా క్లీనర్లను మాత్రం దగ్గరకు రానీయరాదు. వాటిలో చాలావరకు రోగమే మందు వేషం వేసుకొని వచ్చినవి.

బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌లో ఇన్ఫోస్టీలర్ ఉన్నట్లు తేలితే, స్కాన్‌తో సరిపెట్టుకోవడం కంటే విండోస్‌ను మొదటి నుండి తిరిగి ఇన్‌స్టాల్ చేయడమే నిశ్చింత. ఒక సాయంత్రం పని పోతుంది, అంతే. ముందుగా బిల్లులు, ఫోటోలు, ఖాతాల డేటా ఫైళ్లు మాత్రమే బయటి డిస్క్‌లోకి తీసుకోవాలి. డౌన్‌లోడ్ చేసిన సెటప్ ఫైళ్లు, క్రాక్‌లు వెంట తేరాదు. ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో, మైక్రోసాఫ్ట్ అధికారిక సైట్ నుండి తయారు చేసుకోవాలి. బ్రౌజర్‌లో మళ్లీ లాగిన్ కాగానే సింక్ సదుపాయం పాత ఎక్స్‌టెన్షన్లను కూడా వెనక్కి తెస్తుంది. అనుమానాస్పదమైన దానిని అక్కడికక్కడే తొలగించాలి. విండోస్ 10కు సాధారణ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, వీలైతే విండోస్ 11కు మారడానికి ఇదే తగిన సమయం.

డబ్బు పోయి ఉంటే మాత్రం ఫార్మాట్ చేయడానికి తొందరపడరాదు. డిస్క్‌తో పాటు ఆధారాలూ చెరిగిపోతాయి. తెరపై కనబడిన సందేశాలను ఫోన్‌తో ఫోటో తీసి, బ్యాంకు ఎస్ఎంఎస్‌లు, అనుమానాస్పద ఈమెయిల్ భద్రపరచి, వెంటనే 1930కి ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జోల్వాలో ఉన్నా, వరంగల్‌లో ఉన్నా నంబరు ఒకటే. బ్యాంకుకు విడిగా తెలియజేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన ఆదేశం ప్రకారం, బ్యాంకు తప్పు గాని, ఖాతాదారు తప్పు గాని లేకుండా మూడవ పక్షం వల్ల జరిగిన అనధికార లావాదేవీని సమాచారం అందిన మూడు పనిదినాలలోగా తెలియజేస్తే ఖాతాదారుపై భారం ఉండదు. ఖాతాదారు నిర్లక్ష్యం ఉన్నప్పటికీ, బ్యాంకుకు తెలిపిన క్షణం తరువాత జరిగే నష్టం బ్యాంకుదే. సమాచారం ఇవ్వడంలో గడిచే ప్రతి గంటకూ ఇక్కడ రూపాయల్లో విలువ ఉంది.