బొటనవేలు వాస్తే కూల్ డ్రింకును కూడా అడగాలె

పినపాక, మణుగూరు దిక్కు కీళ్ల నొప్పులంటే అందరం అవే కారణాలు చెప్తం. వయసు, మోసిన బరువులు, నడుం వంచి ఏరిన పత్తి, మిర్చి. అవి లేవని నేననను. కానీ కొట్లల్ల వేలాడే ప్యాకెట్లను, ఫ్రిజ్‌లో చల్లగ పెట్టిన సీసాలను మాత్రం ఎవ్వరం లెక్కల ఏస్తలేం.

గౌట్ అనే కీళ్ల జబ్బునే తీసుకోండి. అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగ వాస్తది, దుప్పటి తగిలినా ఓర్వలేం. రక్తంల యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే సూదుల్లాంటి స్ఫటికాలై కీళ్లల్ల చేరొచ్చు. మాంసం, మందు తగ్గించుమంటరు. సరైన మాటే, మన ఇప్పసారాకూ మినహాయింపు లేదు. చక్కెర ముచ్చటే చానామందికి ఎరుక లేదు. చక్కెరల సగం ఫ్రక్టోజు. దాన్ని కాలేయం గబగబ అరిగించేటప్పుడు కణాలల్ల దాచిన శక్తి ఖర్చయితది, మిగిలిన తుక్కు యూరిక్ యాసిడ్‌గ మారుతది. అమెరికాల 46 వేల మందికి పైగా మగవాళ్లను 12 ఏండ్లు గమనించిన అధ్యయనం 2008ల బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల అచ్చయింది. రోజుకు రెండు, అంతకు మించి తీపి కూల్ డ్రింకులు తాగినోళ్లకు, నెలకొకటి కూడా తాగనోళ్లకన్నా గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువని తేలింది. అక్కడ మొక్కజొన్న సిరప్, ఇక్కడ చక్కెర. ఫ్రక్టోజు రెండింట్ల ఉన్నది.

100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల చక్కెర ఉన్న సీసా 250 మిల్లీలీటర్లు తాగితే 25 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికి మేలని చెప్పేది దాదాపు అంతే. ఒంట్ల కొవ్వు పెరిగితే మోకాళ్లకూ కష్టమే. మోకాళ్లు అరిగిన లావుపాటి మనుషులు కిలో తగ్గితే, అడుగు ఏసినప్పుడల్ల మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతదని కొలిచి చూపిన్రు.

నొప్పి గోలీలతోటి నెట్టుకొచ్చేటోళ్లకు ఒక మాట. డాక్టరును అడగకుండ రోజుల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపాల్సింది ఆ కిడ్నీలే.

ఇగ ప్యాకెట్ మీది రాతలు. ఏది ఎక్కువ కలిపితే దాని పేరు ముందు రాయాలె, అది చట్టం. కానీ ఇంగ్లిష్‌ల గానీ హిందీల గానీ రాస్తే సాలు, తెలుగు కంపెనీ ఇష్టం. కోయగూడెంల తల్లి ఏం సదువుకోవాలె? అమ్మేటప్పుడు గోడల మీద ప్రకటన తెలుగుల రాయొస్తది గదా, చక్కెర ఎంతో రాయడానికే రాదా? తెలుగుల అచ్చు తప్పనిసరి చెయ్యాలె. అప్పటిదాంక బడికి పోయే పిల్లగానితోటి ప్యాకెట్ ఎనుక సదివించుండ్రి, ‘షుగర్’ ఎన్నో పేరో చూడుండ్రి.