మధ్యతరగతి ఫోను: తొలి వారపు పరిశీలన

వస్తువును కొనునప్పుడు దాని గుణమును విచారించవలెనని పెద్దలు చెప్పుదురు. ఎద్దును కొనువాడు పండ్లు చూచును. కుండను కొనువాడు వ్రేలితో కొట్టి చూచును. కాని వేల రూపాయలు పోసి ఫోను కొనువాడు మాత్రము పెట్టెపై ముద్రించిన అంకెలను చూచి ఇంటికి తెచ్చుకొనుచున్నాడు. ఆ అంకెల అర్థమేమో అమ్మువాడు చెప్పడు, కొనువాడు అడుగడు.

గత వేసవిలో మన కళాశాల ద్వితీయ సంవత్సర విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చి, “సార్, పద్దెనిమిది వేలలో ఏ ఫోను తీసుకోమంటారు?” అని అడిగినాడు. అతని తండ్రి ఖమ్మం మిర్చి మార్కెట్టులో హమాలీ. ఆ సొమ్ము బస్తాలు మోసి కూడబెట్టినది. డిగ్రీ ప్రవేశమునకు ‘దోస్త్’లో పేరు నమోదు చేసుకొనవలెనన్నను, ఉపకారవేతనమునకు దరఖాస్తు పెట్టవలెనన్నను నేడు ఫోను కావలెను. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1 నుండి, టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ప్రసారముల ద్వారా పాఠశాలల పాఠములు మొదలైనప్పుడు, ఇంటిలో ఒకే ఫోను గల అన్నదమ్ములు వంతులు వేసుకొని పాఠములు విన్న సంగతి మన విద్యార్థులకు తెలియనిది కాదు. కనుక “ఫోను నీకెందుకు?” అని అతనిని మందలించుట న్యాయము కాదు. అతని ప్రశ్నకు తగిన సమాధానమును మాకు తోచలేదు.

అదే సమయమున మా పాత ఫోను పాడైనందున, ముదిగొండ నుండి ఖమ్మం వెళ్లి 17,999 రూపాయలకు క్రొత్తది ఒకటి కొన్నాము. ఏడు దినములు దానిని పరిశీలించి వ్రాసుకొన్న విషయములే ఈ వ్యాసము. ఇది ఏ సంస్థకును ప్రకటన కాదు గనుక ఆ ఫోను పేరు చెప్పుట లేదు. ఈ ధరలో దొరకు ఫోనులు చాలవరకు ఒకే మూసలోనివి.

పెట్టెపై అంకెలు

ముందుగా ఒక పోలిక. 2015 ఆగస్టు 10న విశాఖపట్టణములో షావోమీ సంస్థ ‘రెడ్మీ 2 ప్రైమ్’ అను ఫోనును విడుదల చేసినది. అది తెలుగు నేలపై, శ్రీసిటీ కర్మాగారములో కూర్చబడిన ఫోను. ధర 6,999 రూపాయలు. అందులో ర్యామ్ 2 జీబీ, నిల్వ 16 జీబీ, వెనుక కెమెరా 8 మెగాపిక్సెళ్లు, బ్యాటరీ 2,200 మిల్లీఆంపియర్ అవర్లు. మేము కొన్న దానిలో ర్యామ్ 8 జీబీ, నిల్వ 128 జీబీ, కెమెరా 50 మెగాపిక్సెళ్లు, బ్యాటరీ 5,000. అంకెలు రెట్టింపులు, నాలుగు రెట్లు, ఎనిమిది రెట్లు అయినవి. ఉపయోగమును అన్ని రెట్లు పెరిగినదా? ఒక్కొక్కటిగా చూతము.

ర్యామ్, నిల్వ అనునవి వేరు వేరు. నిల్వ పుస్తకముల బీరువా వంటిది. ర్యామ్ చదువుకొను బల్ల వంటిది. బీరువా ఎంత పెద్దదైనను, బల్ల చిన్నదైనచో ఒక పుస్తకము తీసినప్పుడెల్ల వేరొకటి లోపల పెట్టవలెను. మా ఫోను పెట్టెపై “8 + 8 జీబీ” అని ఉన్నది. ఆ రెండవ ఎనిమిది నిజమైన ర్యామ్ కాదు. బీరువాలోని ఒక అరను ఖాళీ చేసి బల్లగా వాడుకొనుట మాత్రమే. నిజమైన బల్లకున్న వేగము దానికి లేదు. దానిని చూచి ఎక్కువ ధర ఇచ్చుట అనవసరము.

కెమెరా సంగతియు ఇట్టిదే. 50 మెగాపిక్సెళ్లు అనగా ఐదు కోట్ల బిందువులు. కాని మామూలుగా తీయునప్పుడు ఫోను నాలుగేసి బిందువులను ఒకటిగా కలిపి, పన్నెండున్నర మెగాపిక్సెళ్ల చిత్రమునే ఇచ్చును. ఇది మోసము కాదు. నాలుగు చిన్న బిందువులు కలిసి ఎక్కువ వెలుతురును పట్టును గనుక సాయంకాలపు చిత్రము మెరుగుగా వచ్చును. అయితే వెనుక కనిపించు మూడు కన్నులలో ఒకటి 2 మెగాపిక్సెళ్లది. వారమంతయు వాడినను దాని వలన మాకు కలిగిన లాభము కనబడలేదు. అది లెక్కకు పెట్టిన కన్ను.

తెర సెకనుకు 120 సార్లు తిరిగి గీయబడునని పెట్టెపై వ్రాసినారు. వ్రేలితో త్రోసినప్పుడు అక్షరములు నీటిపై జారినట్లు సాగుట మొదటి దినమున మమ్మును ఆకర్షించినది. మూడవ దినమున 60కి తగ్గించి చూచితిమి. చదువుటకు భేదము కనబడలేదు. సాయంకాలమునకు బ్యాటరీ మాత్రము కొంత ఎక్కువ మిగిలినది.

ఎండ, నీరు, అడవి

పెట్టెపై లేని పరీక్షలు మన జిల్లాలో మూడున్నవి.

మొదటిది ఎండ. మే నెల మధ్యాహ్నము మా ప్రాంగణములో పావుగంట వాడినంతనే తెర తనంతట తానే మసకబారినది. వేడితో ఉన్న ఫోనును చార్జింగునకు పెట్టగా అది మందగించినది. ఇది లోపము కాదు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి శత్రువు. యంత్రము తన్ను తాను కాపాడుకొనుచున్నది. దిండు క్రింద పెట్టి రాత్రియంతయు చార్జింగు చేయు అలవాటు గల విద్యార్థులు ఈ విషయమును గ్రహింపవలెను.

రెండవది నీరు. పెట్టెపై “ఐపీ 64” అని ఉన్నది. మొదటి అంకె దుమ్మునకు, రెండవ అంకె నీటికి సంబంధించినది. 4 అనగా తుంపరలకు మాత్రమే ఓర్చును. నీటిలో మునిగినను కొంతసేపు నిలుచుటకు ఆ రెండవ అంకె 7 గాని, 8 గాని కావలెను. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ఇండ్లు మునిగినప్పుడు, అట్టి వరదకు ఏ అంకెయు చాలదని మనము తెలుసుకొన్నాము. మార్కుల పత్రములను, ఆధారు వివరములను ఒక్క ఫోనులోనే ఉంచుకొనక, ‘డిజిలాకర్’లో కూడ భద్రపరచుకొనుట మేలు.

మూడవది అడవి. మన దేశమున 5జీ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమైనవి. ఖమ్మంలో మా ఫోనుపై ఆ గుర్తు కనబడినది. భద్రాచలము దాటి అడవి గ్రామముల నుండి వచ్చు మన విద్యార్థులు మాత్రము, సంకేతమందుటకు ఎత్తైన చోటు వెదకవలసి వచ్చుచున్నదని చెప్పుదురు. అట్టి చోట 5జీకై ఎక్కువ వెచ్చించుట, ఎడ్లు లేని ఇంట బండిని కొనుట వంటిది.

రెండు లిపులు

మా పరిశీలనలో అన్నిటికంటె ఎక్కువ కాలము తీసుకొన్నది ఈ అంశము. మా అమ్మ ఉర్దూ మాత్రమే చదువగలదు. మా పిల్లలు ఉర్దూ మాట్లాడుదురు గాని చదువలేరు. వారి చదువు తెలుగు, ఇంగ్లీషులలో. ఒకే ఫోను ఆ ఇరువురకును ఉపయోగపడవలెను. మన కళాశాలయు రెండు భాషలదే గదా.

యంత్రమునకు అక్షరములు తెలియవు; అంకెలే తెలియును. ప్రపంచ లిపులలోని ప్రతి అక్షరమునకు ఒక అంకెను కేటాయించిన ఏర్పాటు పేరు యూనికోడ్. 1991 నాటి తొలి కూర్పు నుండియే తెలుగునకు అందులో స్థానమున్నది. ‘లక్ష్మి’ అను మాటలో ‘క్ష్మి’ మన కంటికి ఒకే అక్షరము. ఫోనుకు అది ఆరు అంకెలు: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఆరింటిని ఒకదాని క్రింద ఒకటి పేర్చి ఒక రూపము చేయుట దాని పని. ఆ పని తప్పినచో ఏమగునో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది. ‘జ్ఞా’ అను అక్షరము నడుమ కంటికి కనబడని ఒక సంకేతము చేరిన సందేశము వచ్చినంతనే, ఐఫోనులలో సందేశములు చూపు కార్యక్రమములు కూలిపోయినవి. ఆపిల్ సంస్థ ఆ నెల 19న సవరణను విడుదల చేసినది. అంత ఖరీదైన యంత్రము జ్ఞానమునకు మొదటి అక్షరము వద్దనే తడబడినది!

మా ఫోనులో ‘స్వాతంత్ర్యము’, ‘క్షేత్రజ్ఞుడు’, ‘లక్ష్మి’ అను మాటలను వ్రాసి చూచితిమి. వత్తులన్నియు సరిగా కుదిరినవి. మన దేశములో అమ్ముడగు ఫోనులు 22 భారతీయ భాషలను చూపగలిగి యుండవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము ఆదేశించినది. అందుచేత తెలుగును చూపలేని ఫోను నేడు అరుదు. ఫోనుకు తెలుగు వచ్చును. “బాగున్నావా” అను చిన్న మాటను సైతము ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుచున్నది మనమే.

ఉర్దూ సంగతి వేరు. ఆ లిపి కుడి నుండి ఎడమకు నడచును. అందులోని అంకెలు మాత్రము ఎడమ నుండి కుడికి. ఒకే అక్షరము మాటకు మొదట ఒక రూపమును, నడుమ ఒక రూపమును, చివర వేరొక రూపమును ధరించును. ఇంతవరకు ఫోను తడబడలేదు. కాని ఉర్దూ పాఠకుల కంటికి అలవాటైనది నస్తాలీఖ్ శైలి. అందులో ప్రతి మాటయు కుడి నుండి ఎడమకు వాలుగా దిగును. అరబ్బీ ముద్రణలో వాడు నస్ఖ్ శైలిలో అక్షరములు ఒకే గీతపై వరుసగా నిలుచును. మా ఫోను ఉర్దూను నస్ఖ్‌లో చూపినది. చాలా ఆండ్రాయిడ్ ఫోనులలో ఇంతే. హైదరాబాదు నుండి మా చెల్లెలు పంపిన సందేశమును మా అమ్మ చేతికిచ్చి చదువమన్నాము. ఆమె కండ్లజోడు సవరించుకొని, ఒక్కొక్క మాటను కూడబలుకుకొని, “అక్షరాలు మనవే బేటా, చేవ్రాత మాత్రం మనది కాదు” అని ఫోనును తిరిగి ఇచ్చినది.

నస్తాలీఖ్‌ను యంత్రమునకు నేర్పుట సులభము కాలేదు. పాకిస్తానుకు చెందిన మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ సంస్థ సహకారముతో 1981లో ‘నూరీ నస్తాలీఖ్’ను తెచ్చువరకు, ఉర్దూ దినపత్రికలను కాతిబులు చేతితో వ్రాయుచుండిరి. 2014లో గూగుల్ సంస్థ ఒక నస్తాలీఖ్ అక్షరమాలను ఉచితముగా విడుదల చేసినది. 2017లో ఆపిల్ తన ఫోనులలో ఉర్దూకు ఆ శైలినే ఇచ్చినది. అనగా విద్య ఉన్నది. మధ్య ధర ఫోనులో దానిని పొందుపరచు శ్రద్ధయే కొరవడినది. మేము అమరికలన్నియు వెదకితిమి. అక్షరశైలిని మార్చగా ఇంగ్లీషు మారినది గాని ఉర్దూ మారలేదు. తమ అక్షరశైలిని పుటతో పాటు పంపు ఉర్దూ పత్రికల వద్ద మాత్రము నస్తాలీఖ్ చక్కగా కనబడినది. అది చూచి మా అమ్మ ఆ రాత్రి కండ్లజోడు తీయలేదు.

మాటను వ్రాతగా మార్చు సౌకర్యమును గూగుల్ 2017 ఆగస్టులో తెలుగు, ఉర్దూలకు ఒకేసారి కల్పించినది. దానిని మా అమ్మకు చూపితిమి. మీటలు నొక్కుట తెలియని ఆమె, చెల్లెలికి తన మాటలతోనే జవాబు వ్రాసినది. ఆమె నోట వచ్చు ‘నక్కో’ను మాత్రము ఫోను ప్రతిసారియు వేరొక మాటగా వ్రాసినది. యంత్రము నేర్చినది పుస్తకముల ఉర్దూ, మన ఇండ్లలోని దక్కనీ కాదు.

ధర యొక్క లెక్క

ఇక ధర. 17,999 రూపాయలలో 18 శాతము చొప్పున జీఎస్టీ సుమారు 2,745 రూపాయలు. 2020 ఏప్రిలు వరకు ఈ పన్ను 12 శాతమే. ‘వడ్డీ లేని వాయిదా’ అను మాటను విన్నప్పుడు, రొక్కమిచ్చువానికి దక్కు తగ్గింపు మనకును దక్కునా, కాగితముల ఖర్చు వేరుగా ఉన్నదా అని రెండు ప్రశ్నలు అడుగవలెను.

అయితే నిజమైన ధర దుకాణములో ఇచ్చినది కాదు; దినమునకు పడినది. ఈ ఫోను రెండేండ్లు పనిచేసినచో దినమునకు సుమారు 25 రూపాయలు. నాలుగేండ్లు పనిచేసినచో 12 రూపాయలు. కనుక ఎన్నేండ్లు నిలుచునన్న ప్రశ్నయే అన్నిటికంటె పెద్దది. దీనికి సమాధానము రెండు చోట్ల ఉన్నది. మొదటిది, రక్షణ సవరణలను ఎన్నేండ్లు పంపెదమని తయారీదారు ప్రకటించిన మాట. అది ఆగిన ఫోనులో బ్యాంకు వ్యవహారములు నడుపుట, గొళ్లెము విరిగిన ఇంటిలో నిద్రించుట వంటిది. రెండవది, బ్యాటరీని, తెరను ఖమ్మంలోనే మార్చు వసతి ఉన్నదా యనునది. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుండి అమలుచేయు నిబంధనల ప్రకారము, అక్కడ అమ్ముడగు ఫోను బ్యాటరీ 800 సార్లు నిండిన పిదపను కనీసము 80 శాతము శక్తి నిలుపుకొనవలెను. మన కొనుగోలుదారులును ఇట్టి ప్రశ్నలు అడుగుట నేర్చినప్పుడు మన దుకాణములలోను సమాధానములు దొరకును.

కొన్న దినముననే చేయవలసిన పని యొకటి ఉన్నది. నక్షత్రము, చదరపు గుర్తు, సున్న, ఆరు, చదరపు గుర్తు వరుసగా నొక్కినచో తెరపై పదునైదంకెల ఐఎంఈఐ సంఖ్య కనబడును. దానిని డైరీలో వ్రాసి ఉంచుకొనవలెను. ఫోను పోయినచో, 2023 మేలో కేంద్రము ప్రారంభించిన ‘సంచార్ సాథీ’ ద్వారా దానిని ఇతరులు వాడకుండ నిలుపుటకు ఈ సంఖ్యయే ఆధారము.

ఈ విషయములన్నియు ఒక కాగితముపై వ్రాసి ఆ విద్యార్థికి ఇచ్చితిమి. రెండు దినముల తరువాత అతడు మరల వచ్చినాడు. పద్దెనిమిది వేల ఆలోచన విడిచి, పన్నెండు వేలలో, ఎక్కువ ఏండ్లు సవరణలు వచ్చునదియు, ఖమ్మంలో మరమ్మతు దొరకునదియు కొన్నాడు. మిగిలిన సొమ్మును తండ్రికి తిరిగి ఇచ్చినాడు. కాగితమును తండ్రికి చదివి వినిపించగా ఆయన ఏమన్నాడని అడిగితిమి.

“బస్తా మూతి దగ్గర మంచి కాయలే ఉంటాయి రా, అడుగు చూసిన వాడే బేరగాడు అన్నాడు సార్” అని ఆ విద్యార్థి చెప్పినాడు.

ఏడు దినముల పరిశీలనలో మేము తెలుసుకొన్నదియు ఇంతకంటె ఎక్కువ లేదు.