పందెంలో చివరి చీటీ ఎవరిది?

క్రికెట్ పోటీల కాలం వచ్చిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆఫీసుల్లోనే కాదు, చాయ్ హోటళ్ల ముందు కూడా "మనిషికో వంద" అనే మాట వినిపిస్తుంది. పదిమంది కలిసి వెయ్యి రూపాయలు పోగుచేస్తారు. జట్టు ఎన్ని పరుగులు చేస్తుందో తలా ఒక అంకె చెబుతారు. దగ్గరగా చెప్పినవాడిదే పైకం. పైకి చూస్తే ఇందులో మోసమేమీ లేదు.

కాని తొమ్మిదిమంది చెప్పిన అంకెల్లో పెద్దది 170 అనుకుందాం. పదోవాడు అన్నీ విని 171 అంటాడు. ఇక 171 మొదలు ఎంత వచ్చినా గెలుపు అతనిదే. ఆట తెలియనక్కర లేదు, చివరగా నోరు విప్పితే చాలు. టాస్ పడ్డాక అంకె మార్చేవాడిదీ ఇదే ఉపాయం.

పత్తి ధర నుంచి మట్కా

మట్కా పుట్టింది మన రైతు పండించే పత్తి ధర మీదనే. న్యూయార్క్ నుంచి బొంబాయికి వచ్చే పత్తి ధరల మీద పందేలు కాసేవారు. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోగా, 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ అంకెల ఆట నడిపారు. ఒక అంకె తగిలితే సాధారణంగా రూపాయికి తొమ్మిది ఇచ్చేవారు. ఉన్న అంకెలు మాత్రం పది. పది అంకెల మీదా రూపాయి చొప్పున పెడితే వచ్చేది తొమ్మిదే. మిగిలిన రూపాయి నడిపేవాడిది.

ముందు చూసినవాడు

మైదానంలో పడిన బంతి టీవీలో, ఫోన్‌లో కొన్ని సెకండ్లు ఆలస్యంగా కనబడుతుంది. 2021 ఐపీఎల్ సమయంలో ఢిల్లీ స్టేడియంలో పారిశుద్ధ్య పనివాడిని పెట్టి బంతి బంతికీ కబురు తెప్పించుకున్నారని క్రికెట్ బోర్డు అవినీతి నిరోధక విభాగం అధిపతి వెల్లడించారు. ఊళ్లో ఫోన్ చూసి పందెం కాసేవాడు అప్పటికే అయిపోయిన బంతి మీద డబ్బు పెడుతున్నాడన్నమాట.

1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించి ఆన్‌లైన్ జూదాన్నీ నిషేధించింది. డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది.

పైసా పెట్టకుండా సరదాకు ఆడుకునేవారు కూడా టాస్‌కు ముందే చీటీలు రాసి కుండలో వేసి, అందరి ఎదుట విప్పడం న్యాయం. పత్తి అమ్మిన పైకం పందెంలో పెట్టేవారికి మాత్రం చెప్పవలసింది ఒక్కటే: కాంటా ఎవరి చేతిలో ఉందో చూడకుండా బస్తా దించని రైతు, ఇక్కడ మాత్రం ఎందుకు చూడడు?