దమ్ము ఆడనప్పుడు మెంథాల్ ఏం చేస్తుంది?

మా తిమ్మాజిపేట దిక్కు "దమ్ము" అనే ఒక్క మాటతో మూడు పనులు నడుస్తాయి. "వానికి దమ్ముందిరా" అంటే ధైర్యం. "ఒక దమ్ము గుంజి వస్తా" అంటే బీడీ. "ఆయనకు దమ్ము లేస్తది" అంటే ఆయాసం, ఊపిరి ఆడకపోవడం. రెండో దమ్ము చాలా ఏళ్లు గుంజితే మూడో దమ్ము వస్తుందని డాక్టర్లు చెప్తారు. మా తాత విషయంలో అదే జరిగింది. ఆయనకున్న రోగం పేరు సీఓపీడీ. ఊపిరితిత్తుల్లో గాలి దారులు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు.

డాక్టరు ఇన్‌హేలర్ రాశారు. తాత మాత్రం దిండు కింద ఒక చిన్న బామ్ సీసా పెట్టుకుంటాడు. ఆయాసం రాగానే మూత తీసి వాసన పీలుస్తాడు. "అది పీలిస్తే గుండెల దాకా సల్లగ పోతది బిడ్డా, ఈ పంపు కొడితే ఏం తెల్వది" అంటాడు. ఇంట్లో అందరూ దాన్ని ముసలాయన మొండితనం అనుకుంటారు. మన క్లబ్ వాళ్లు ఈ సంచికకి "సైన్స్ మీద ఏదైనా రాయి" అన్నప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. తాత చెప్పేది నిజమా, భ్రమా? చదివాక తెలిసిందేంటంటే, ఈ ప్రశ్నని సీరియస్‌గా తీసుకుని ప్రయోగాలు చేసినవాళ్లు ఉన్నారు. జవాబు కూడా ఉంది, కాకపోతే కొంచెం మెలికతో.

ముందు రోగం గురించి. ఇది సిగరెట్ తాగేవాళ్లకే వస్తుందనుకుంటే పొరపాటు. మన ఊళ్లలో పత్తికట్టె, కందికట్టె, పిడకలు పెట్టి పొయ్యి మీద వండిన ఆడవాళ్లకీ వస్తుంది. ఒక్క బీడీ కూడా ముట్టని నాయినమ్మలకి ముప్పై నలభై ఏళ్ల పొయ్యి పొగే బీడీ. గ్యాస్ సిలిండర్ వచ్చినా స్నానాల నీళ్లు ఇంకా కట్టెల మీదే కాగే ఇళ్లు మా దగ్గర చాలానే ఉన్నాయి. రాతి దుమ్ము, సిమెంటు దుమ్ములో పని కూడా ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. వలస పోయి కట్టడాల పనులు చేసిన పాలమూరు వాళ్లకి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. దేశం మొత్తం మీద 1990లో 2.81 కోట్లున్న సీఓపీడీ రోగులు 2016 నాటికి 5.53 కోట్లయ్యారని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన లెక్క.

ఆ ఆయాసం ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక పని చేయండి. ఛాతీ నిండా గాలి పీల్చండి. ఇప్పుడు దాన్ని కొంచెమే వదిలి, మళ్లీ పీల్చండి. మళ్లీ కొంచెమే వదిలి, మళ్లీ పీల్చండి. అలా నాలుగుసార్లు. లోపల చోటు లేదు, అయినా ఇంకా కావాలనిపిస్తుంది కదా? సీఓపీడీలో అసలు ఇబ్బంది అదే. గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడం కష్టం. పాత గాలి లోపలే ఇరుక్కుపోయి, కొత్త గాలికి జాగా దొరకదు. మనం నాలుగుసార్లకే ఆపేస్తాం. వాళ్లకి బాత్రూమ్ దాకా నడిచిన ప్రతిసారీ ఇదే పరిస్థితి.

ఇక బామ్ దగ్గరికి వద్దాం. తెలుగువాళ్లకి, మెంథాల్‌కి పాత చుట్టరికం ఉంది. అమృతాంజన్ పెట్టింది మన కాశీనాథుని నాగేశ్వరరావు గారే. 1893లో, బొంబాయిలో. తర్వాత 1908లో అక్కడే ఆంధ్రపత్రిక మొదలుపెట్టారు. అంటే తలనొప్పి మందు అమ్మిన డబ్బుతో తెలుగు పత్రిక నడిచిందన్నమాట (సాహిత్య క్లబ్‌కి ఇంతకన్నా మంచి స్పాన్సర్ ఎవరు దొరుకుతారు చెప్పండి). ఇటు హైదరాబాద్‌లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో జిందా తిలిస్మాత్ మొదలుపెట్టారు. నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, వాము పువ్వు అనే థైమాల్, రంగు కోసం రతన్‌జోత్ వేరు. తెలంగాణలో ఆ ఎర్ర సీసా తెలియని ఇల్లు నేనైతే చూడలేదు.

మెంథాల్ వచ్చేది పుదీనా జాతి మొక్క నుంచే. కానీ మనం చట్నీ చేసుకునే పుదీనా కాదు. దాంట్లో ఎక్కువగా ఉండేది కార్వోన్ అనే వేరే పదార్థం, అందుకే పుదీనా చట్నీ తింటే నోరు మెంథాల్ బిళ్ల తిన్నట్టు చల్లబడదు. మెంథాల్ కోసం మెంథా ఆర్వెన్సిస్ అనే మొక్క పెంచుతారు. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ చుట్టుపక్కల దాని పంటే ఎక్కువ. నూనె తీసి చల్లబరిస్తే పటిక పలుకుల్లాంటి స్ఫటికాలు వస్తాయి.

ఆ పలుకు నాలుక మీద పెట్టుకుంటే చల్లగా అనిపిస్తుంది. థర్మామీటర్ పెట్టి చూస్తే మాత్రం నాలుక వేడి తగ్గి ఉండదు. మరి చల్లదనం ఎక్కడి నుంచి వచ్చింది? మన నరాల చివర టీఆర్‌పీఎం8 అనే ప్రోటీన్ ఉంటుంది. అది ఒక తలుపులాంటిది. చుట్టూ వేడి దాదాపు 26 డిగ్రీల కంటే తగ్గితే ఆ తలుపు తెరుచుకుని, "చల్లగా ఉంది" అని మెదడుకి కబురు పోతుంది. మెంథాల్ ఆ ప్రోటీన్‌కి అతుక్కుని, చల్లగా లేకపోయినా తలుపు తెరిపిస్తుంది. దీన్ని 2002లో అమెరికాలో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ బృందాలు వేర్వేరుగా కనిపెట్టాయి. మిరపకాయ మంటని పట్టే ప్రోటీన్‌ని జూలియస్ బృందం అంతకుముందే, 1997లో పట్టుకుంది. వేడి, చలి, స్పర్శ శరీరానికి ఎలా తెలుస్తాయో చెప్పినందుకు వీళ్లిద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది.

సరే, చల్లదనం అర్థమైంది. ఆయాసానికి దాంతో ఏం సంబంధం?

మనం గాలి పీల్చినప్పుడు ముక్కు లోపలి తడి కొంచెం ఆరి, ఆ చర్మం చల్లబడుతుంది. గాలి ఎంత ఎక్కువ పోతే అంత చల్లన. అందుకే మెదడు ఆ చల్లదనాన్నే "గాలి పోతోంది" అనడానికి గుర్తుగా వాడుకుంటుంది. ముక్కులో మత్తుమందు పూసి ఆ నరాల్ని మొద్దుబారిస్తే, గాలి మామూలుగానే పోతున్నా ముక్కు మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. దీనికి తిరగేసిన ప్రయోగం బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రాన్ ఎకిల్స్ చేశాడు. 1983లో ఆయన మనుషుల చేత మెంథాల్ పీల్పించి, ముక్కులో గాలికి తగిలే అడ్డుని యంత్రంతో కొలిచాడు. అడ్డు ఏం తగ్గలేదు. కానీ వాళ్లలో ఎక్కువమంది "ముక్కు తెరుచుకుంది, గాలి బాగా ఆడుతోంది" అన్నారు. జలుబు చేసినప్పుడు బామ్ రాసుకుని మనం అనే మాట కూడా అదే. ముక్కు తెరుచుకోలేదు, తెరుచుకున్నట్టు కబురు మాత్రం అందింది.

ఇక్కడ నా బ్రాంచ్ బుద్ధి చూపించక తప్పదు. ఆయాసం అంటే ఆక్సిజన్ తక్కువవడం అని అనుకుంటాం. అది కొంతవరకే. ఆక్సీమీటర్‌లో అంకె బాగానే ఉన్నా ఊపిరాడక అల్లాడేవాళ్లు ఉంటారు. మెదడు శ్వాస కండరాలకి "ఇంత గాలి లాగు" అని రిక్వెస్ట్ పంపుతుంది. ఛాతీ, ఊపిరితిత్తులు, ముక్కు, ముఖం నుంచి "ఇంత వచ్చింది" అని రెస్పాన్స్ రావాలి. అడిగినదానికీ వచ్చినదానికీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే ఆయాసం అంత ఎక్కువ తెలుస్తుంది. సీఓపీడీలో ఛాతీ ఎంత లాగినా గాలి కొంచెమే కదులుతుంది కాబట్టి తేడా పెద్దది. మెంథాల్ ఆ రెస్పాన్స్ లైన్లలో ఒకదాంట్లోకి దూరి "గాలి బాగానే వస్తోంది" అని చెప్తుంది. డౌన్‌లోడ్ స్పీడు పెరగకుండానే ప్రోగ్రెస్ బార్ కదిలినట్టు.

జపాన్‌లో నిషినో బృందం 1997లో దీన్ని పరీక్షించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి శ్వాస కష్టమయ్యేలా గొట్టంలో అడ్డు పెట్టి, మెంథాల్ కలిపిన గాలి పీల్పించారు. ఇబ్బంది తగ్గిందన్నారు. మంచి వాసన వల్ల అలా అనిపించిందేమోనని స్ట్రాబెర్రీ వాసనతో కూడా చూశారు. దానికి ఆ ఫలితం రాలేదు. అంటే పనిచేసింది వాసన కాదు, చల్లదనం.

అలాగైతే నిజమైన చల్లగాలి ఇంకా బాగా పనిచేయాలి కదా? చేస్తుంది. 1987లో అమెరికాలో ష్వార్ట్‌స్టైన్ బృందం చెంపకి చల్లగాలి తగిలితే ఆయాసం తగ్గుతుందని చూపించింది. 2010లో ఇంగ్లండ్‌లో 50 మంది రోగుల మీద చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాన్ పరీక్షించారు. అయిదు నిమిషాలు ముఖానికి, అయిదు నిమిషాలు కాలికి. ముఖానికి పెట్టినప్పుడు ఆయాసం తగ్గింది. సీఓపీడీ వైద్యానికి ప్రపంచమంతా చూసే గోల్డ్ నివేదికలో కూడా ముఖానికి ఫ్యాన్ గాలి అనే మాట ఉంది. నాయినమ్మ విసనకర్ర పట్టుకుని తాత పక్కన కూర్చోవడం కూడా వైద్యమేనన్నమాట. వాసన సీసాతో పోలిస్తే ఫ్యాన్‌ వైపే నా ఓటు. ఖర్చు తక్కువ, గొంతు మండదు, దగ్గు రాదు.

మెంథాల్ గురించి మాత్రం తొందరపడి చప్పట్లు కొట్టలేం. సీఓపీడీ ఉన్నవాళ్ల మీద జరిగిన పరిశోధనలు కొన్నే, అవీ చిన్న గుంపుల మీద. పైగా దీన్ని పరీక్షించడమే కష్టం. మాత్రకైతే అదే రంగు ఉత్తి మాత్ర తయారుచేసి, ఏది అసలుదో రోగికి తెలియకుండా ఇవ్వొచ్చు. మెంథాల్ వాసనని ఎవరి దగ్గర దాస్తాం? పీల్చగానే తెలిసిపోతుంది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ప్రోగ్రెస్ బార్ కదిలింది కదా అని వైఫై సరిచేయడం మానేస్తే? మా ఇంట్లో నాకున్న భయం అదే. ఇన్‌హేలర్ మందు గాలి దారుల చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది, ఇరుక్కున్న గాలి బయటికి రావడానికి దారి ఇస్తుంది. మెంథాల్ దారిని ఒక్క వెంట్రుకవాసి కూడా వెడల్పు చేయదు. కానీ చల్లదనం తక్షణం తెలుస్తుంది, ఇన్‌హేలర్ పని మెల్లగా తెలుస్తుంది. తాత లెక్కలో మొదటిదే గెలుస్తుంది. సిగరెట్ కంపెనీలకి ఈ సంగతి మనకంటే ముందే తెలుసు. మెంథాల్ కలిపితే పొగ ఘాటు తెలియదు, కొత్తవాళ్లు దగ్గకుండా గుంజగలుగుతారు. అందుకే యూరోపియన్ యూనియన్ 2020 మే నెలలో మెంథాల్ సిగరెట్లని నిషేధించింది. అదే చల్లదనం ఒకచోట ఊరట, ఇంకోచోట ఎర.

తాతతో నేను వాదించడం మానేశాను. "నీకు సల్లగ అనిపించేది అబద్ధం కాదు తాతా, కని అది లోపల దారి తెరువది. ముందుగల పంపు కొట్టు, ఎనుక నీ సీసా వాసన చూస్కో" అన్నాను. ఒప్పుకున్నాడు. సీసా లాక్కుంటే ఒప్పుకునేవాడు కాదు. ఇన్‌హేలర్ కొట్టడం కూడా సరిగా చూపించాల్సి వచ్చింది. పొడి ఇన్‌హేలర్‌లో పెట్టే క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేసేవాళ్లు మన చుట్టూ ఉంటారు, మీ ఇంట్లో ఒకసారి గమనించండి.

ఇంట్లో ఇలాంటి సీసా ఉంటే ఇంకొన్ని సంగతులు. రెండేళ్ల లోపు పిల్లలకి మెంథాల్, కర్పూరం ఉన్న బామ్ రాయకూడదు. ముక్కు దగ్గర పెడితే ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. కర్పూరం చిన్నపిల్లలు మింగితే కొంచెమైనా ఫిట్స్ రావచ్చు, కాబట్టి దిండు కింద సీసా ఉన్న ఇంట్లో పాకే పిల్లలుంటే చోటు మార్చండి. పెద్దవాళ్లు కూడా జిడ్డు బామ్‌ని ముక్కు రంధ్రాల లోపల రోజూ పూసుకోవద్దు, ఆ జిడ్డు ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి జారితే అదో రకం న్యుమోనియా తెస్తుంది. ఆస్తమా ఉన్న కొందరికి ఘాటు వాసనే ఆయాసం తెప్పిస్తుంది, వాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. పెదాలు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేకపోతున్నా, మనిషి మత్తుగా తూలుతున్నా సీసా పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా మనిషిని పడుకోబెట్టకుండా, ముందుకు వంగి మోకాళ్ల మీద చేతులు ఆనించి కూర్చోనివ్వండి. ఫ్యాన్ ముఖం వైపు తిప్పండి.