కంపైలరు కట్టి చూద్దాం

జగ్గయ్యపేట నుంచి నందిగామకు సిమెంటు తెప్పించామనుకోండి. బస్తాలు 100, బస్తా ధర 350 రూపాయలు, లారీ కిరాయి 2,000. మొత్తం ఎంత? మన మెట్టప్రాంతంలో ఏ కొట్టు గుమాస్తా నడిగినా తడుముకోకుండా 37,000 అంటాడు. అదే లెక్కను కంప్యూటరుకు ఇలా రాసిస్తాం:

మొత్తం = కిరాయి + బస్తాలు * ధర

ఎడమ నుంచి వరసగా చేసుకుపోతే 2,000కు 100 కలిపి, 350తో హెచ్చవేసి, 7,35,000 అని చెబుతుంది! కొన్నవాడి కొంప మునిగినట్టే. "ఇంతెందుకవుతుంది?" అని ఆగే ఇంగితం యంత్రానికి లేదు. దాన్ని మనమే ముందుగా కంపైలరులో పెట్టాలి.

మనం రాసిన సూత్రాన్ని యంత్రానికి తెలిసిన ఆజ్ఞలుగా మార్చే ప్రోగ్రామే కంపైలరు. 1957లో ఐ.బి.యం. సంస్థలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ కంపైలరును తెచ్చేదాకా ప్రోగ్రాములు ఎక్కువగా అసెంబ్లీలోనో, అంకెల్లోనో రాసేవారు. మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. కూడా డాక్టర్ ఎ.ఎస్. రావుగారి సారథ్యంలో టి.డి.సి. కంప్యూటర్లను తయారుచేసింది.

ఇందులో పని మూడు మెట్లు. మొదటిది, వాక్యాన్ని మాటలుగా విడగొట్టడం. పై వరసలో గుర్తులతో కలిపి ఏడు మాటలున్నాయి.

రెండోది వ్యాకరణం. కూడిక పదాల మధ్య జరుగుతుంది. హెచ్చవేత పదం లోపలే జరుగుతుంది. ఒక్కో నియమానికి ఒక్కో ప్రొసీజరు రాయాలి. కూడిక ప్రొసీజరు హెచ్చవేత ప్రొసీజరును పిలుస్తుంది. అది పని ముగించాకే కూడిక. గుమాస్తా ఇంగితమంతా ఇంతే!

మూడోది ఆజ్ఞలు రాయడం. పేరు కనబడితే "పుష్" రాయాలి. గుర్తుకు రెండు వైపులా పూర్తయ్యాక ఆ గుర్తు తాలూకు ఆజ్ఞ రాయాలి:

పుష్ కిరాయి
పుష్ బస్తాలు
పుష్ ధర
మల్
యాడ్
పాప్ మొత్తం

పుష్ అంటే దొంతర మీద పెట్టడం. మల్ పైనున్న 350ని, 100ని తీసి 35,000 పెడుతుంది. యాడ్ దానికి అడుగునున్న 2,000 కలుపుతుంది. పాప్ 37,000ను "మొత్తం"లో దాస్తుంది. ఇవి ఊహాయంత్రపు ఆజ్ఞలు. అసలు ప్రాసెసరు మీద ఒక్కొక్కటి రెండు మూడు ఆజ్ఞలు కావచ్చు.

మరి బ్రాకెట్లు వస్తే? లోపలిదాని కోసం మళ్ళీ కూడిక ప్రొసీజరునే పిలవాలి. అది మీరే రాసి చూడండి.

ల్యాబులో లెక్క తప్పితే "కంప్యూటరు తప్పు చేసింది" అంటాం. ఒక్కసారి సొంతంగా కంపైలరు కట్టినవాళ్ళు ఆ మాట అనరు. తప్పు ఏ మెట్టు మీద జరిగిందో వెతుకుతారు.