లంకలలో మంచినీరు

గౌతమీ వసిష్ఠల నడుమ, బంగాళాఖాతపు టొడ్డున గల త్రికోణాకారపు భూభాగమే కోనసీమ. వైనతేయమను పాయ దీనిని చీల్చుకొని సముద్రమును చేరుచున్నది. చుట్టును నీరే, అయినను తీరగ్రామములలో త్రాగునీరు సులభముగా దొరకదు.

కారణము నేలక్రింద నున్నది. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. ఇసుకలో నింకిన వాననీరు లోపలి ఉప్పునీటిపై తెట్టెవలె తేలుచుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచో, క్రింద సుమారు 40 అడుగులవరకు మంచినీరుండునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. కావున తోడుటచే పైమట్టము ఒక అడుగు తగ్గినచో, కాలక్రమమున ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు. ఏతము త్రొక్కువాడు అలసి ఆగును. యంత్రమునకు అలసట లేదు.

1847-52 సంవత్సరముల నడుమ కాటన్ దొర ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించెను. కాలువలు పారినవి. కాని వైనతేయమున కావలనున్న నగరపు లంకకు నీరు పోవుటెట్లు? గన్నవరమువద్ద 49 కమానుల అక్విడక్టు కట్టి, నదిమీదుగా కాలువనే దాటించిరి! నేడు దాని ప్రక్కనే కట్టిన క్రొత్తది ఆ పని చేయుచున్నది. ఈ కాలువకు బొగ్గు వలదు, చమురు వలదు. పల్లమునకు పారుట నీటి స్వభావము. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు మాత్రము చెరువులలో నింపియుంచిన నీరే గతి.

లక్షద్వీపములలోని కవరత్తికి నదియు లేదు, కాలువయు లేదు. 2005లో అచ్చట సముద్రజలమును మంచినీటిగా మార్చు కర్మాగారమును నెలకొల్పిరి. పైనున్న వెచ్చని నీటిని తక్కువ పీడనమున ఆవిరిచేసి, లోతులనుండి తోడిన చల్లని నీటితో ఆ యావిరిని చల్లార్చుదురు. దినమునకు లక్ష లీటర్లు దీని శక్తి. మెచ్చదగిన పనియే. కాని దానిని నడపు విద్యుత్తు ఓడలమీద వచ్చిన డీజిలుతో పుట్టినది. ఓడ రానిచో దీపమేకాదు, దాహమును తీరదు. అందుచేతనే సముద్రపు వేడి చల్లదనముల భేదమునుండి విద్యుత్తును తీయుటకు అచ్చట పూనుకొనిరి.

కోనసీమలో ఇంధనమునకు కొదువ లేదు. నేలలో సహజవాయువు గలదు. అది యెంత ప్రమాదకరమో 1995లో 65 దినములు మండిన పాశర్లపూడి బావి చూపినది. సూర్యకాంతితో నడచు పంపునకు అట్టి భయము లేదు. అయితే ఖర్చులేని శక్తి గదాయని దానిని బోరుబావికి తగిలించి పగలెల్ల తోడినచో, ఉప్పునీరు మరింత వేగముగా పైకి వచ్చును. దానినే చెరువుగట్టున నిలిపి, వడగట్టిన కాలువనీటిని ఎత్తుట మేలు. పగలు ఎండలో ట్యాంకును నింపుకొన్నచో, రాత్రికి విద్యుత్తును నిలువచేయు బ్యాటరీలతో పనిలేదు, నీరే నిలువయుండును.